ఊ కొట్టే మనిషి

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో గురుమూర్తి కండక్టరు. కుప్పంలో బస్సు నిలిచిన కాసేపట్లో టీ తాగడం మానేసి పాత పుస్తకాల బండి దగ్గరికి పోతాడు. డిటెక్టివ్ నవలైనా వాస్తు పుస్తకమైనా అతనికి ఒకటే. అంతకుముందు కొన్నది కాకపోతే చాలు. కొన్నవాటిని తెచ్చి డ్రైవరు గంగప్ప సీటు వెనక పెడతాడు. పాసింజర్ల కన్నా పుస్తకాలే ఎక్కువ ఎక్కుతున్నాయని, వాటికీ టిక్కెట్టు కొట్టమని గంగప్ప ఎగతాళి చేస్తాడు. గురుమూర్తి నవ్వి ఊరుకుంటాడు.

ఇంట్లో ముందు గది నిండా అవే. ఏదీ మొదటి పేజీలు దాటి నలిగి ఉండదు.

అతని తల్లి నారాయణమ్మకు చదువు రాదు. బతుకంతా వేరుశనగ చేలల్లో కూలి చేసింది. కొడుక్కి ఉద్యోగం వచ్చాక, అతను డ్యూటీ దిగి రాగానే ఏదో ఒకటి చదివి వినిపించమనేది. వాక్యానికో ఊ కొట్టేది. ఊ ఆగిందంటే కునుకు పట్టిందని గుర్తు. అతను అక్కడికి పుస్తకం మూసేవాడు. విన్నది మళ్లీ చదివితే ఒప్పుకునేది కాదు.

"ఇన్నదే ఎన్నితూర్లు ఇనేది? కొత్తది తేప్పా" అనేది.

పోయిన ఏడాది ఒక సాయంత్రం అలాగే ఊ ఆగింది. అతను అలాగే పుస్తకం మూశాడు. అన్నానికి పిలిస్తే ఆమె లేవలేదు.

కర్మలు ముగిశాక ఒకరోజు అలవాటు కొద్దీ కొత్త పుస్తకం తెరిచి పైకి చదివాడు. మొదటి వాక్యం చివర ఊ వినపడింది. కొన్ని పేజీలకు, కునుకు పట్టినట్టు, ఆగిపోయింది. మర్నాడు అదే పుస్తకం చదివితే గదిలో చప్పుడు లేదు. ఇంకోటి తెరిస్తే మళ్లీ వినపడింది. అప్పటి నుంచి కొంటూనే ఉన్నాడు.

ఈ సంగతి అతని భార్య స్వర్ణలతకు తెలుసు. ఒక ఆదివారం పొద్దున పాత కాగితాలు కొనేవాణ్ని ఆమే పిలిచింది. గురుమూర్తి పుస్తకాలకు అడ్డం నిలబడ్డాడు. కాగితాలవాణ్ని వాకిట్లో ఉండమని చెప్పి ఆమె లోపలికొచ్చింది.

"ఊ కొట్టింది నేనప్పా, వంటింట్లో నుంచి. ఉత్త గోడకు సదువుతాంటే సూడలేక కొట్టినా."

గురుమూర్తి పుస్తకాల ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు. అయితే తీసుకుపొమ్మను అన్నాడు. ఆమె గడప దాటబోతుంటే అడిగాడు.

"నువ్వు బి.కొత్తకోటకు మీ అక్కోళ్లింటికి పోయినప్పుడు ఎవురు కొట్టింది?"

స్వర్ణలత ఆగిపోయింది. కాగితాలవాణ్ని పంపించేసింది. దొంతర మీదనుంచి ఒక పుస్తకం తీసి, ఇది చదివావా అని అడిగింది. లేదన్నాడు. అతని చేతికిచ్చి, మంచం మీద కూర్చుంది.

"సదువు. నేను నోరు తెరవను."

అతనికి పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఇప్పుడు వినపడకపోతే ఇక ఎప్పటికీ వినపడదు. చివరికి తెరిచాడు.

"టమోటా నారు పోసే ముందు నేలను బాగా దున్నాలి" అని చదివి ఆగాడు.

స్వర్ణలత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఊ వినపడింది, మంచం మీద ఆమె పక్కన ఖాళీగా ఉన్న చోటు నుంచే.

ఆమె అతనివైపు చూడలేదు. కాళ్లు ముడుచుకుని, మంచం మీద కొంచెం అవతలికి జరిగి, చోటిచ్చి కూర్చుంది.