వదిన కుడిచెవి

మా అన్నయ్య మంచివాడని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు, ఒకరి గొడవల్లో తలదూర్చడు. పాతికేళ్ళ కాపురంలో పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదని వీధి వీధంతా సర్టిఫికెట్ ఇస్తుంది. నిజమే, ఒక్క మాట అనలేదు. ఆవిడ చెప్పిన మాట ఒక్కటీ వినలేదు కూడా. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. నేను బస్సు కండక్టర్ని. డెబ్బైమందిని తోసుకుంటూ వెనక సీటు దాకా వెళ్ళి టిక్కెట్లు కొట్టి వచ్చేదాన్ని, నాకు మొహమాటం తక్కువ.

అన్నయ్యది మోటార్లకు వైండింగ్ చేసే పని. ఇంటి ముందు గదే షాపు. కాలిపోయిన మోటారు తెస్తే లోపలి మాడిన తీగంతా లాగేసి కొత్త రాగి తీగ చుడతాడు. ఒక్కో మోటారుకి ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. లెక్క తప్పితే మోటారు వేడెక్కి నాలుగు రోజుల్లో మళ్ళీ షాపుకొస్తుంది. అందుకని చేత్తో హ్యాండిల్ తిప్పుతూ మనసులో చుట్లు లెక్కపెట్టుకుంటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఇక మొదటికి రావాలి. దానికి కుర్రతనంలోనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరేం చెప్పినా నోరు "ఊ" అంటుంది, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. చెప్పినవాళ్ళు విన్నాడనుకుని వెళ్ళిపోతారు. ఆ పాడు అలవాటు షాపులోనే ఆగి ఉంటే బాగుండేది. గుమ్మం దాటి వంటింట్లోకొచ్చింది, భోజనానికి కూర్చుంది, మంచం దాకా వెళ్ళింది.

ఇక మా వదిన. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. కుడిచెవికి హెడ్‌ఫోన్, చేతిలో పెన్ను. ఫోన్ మోగగానే "చెప్పండి" అంటుంది. ఆ ఒక్క మాటలోనే అవతలివాడి కోపం సగం దిగిపోతుంది. ఒకసారి డ్యూటీ దిగి ఆవిడ కోసం ఆఫీసుకి వెళ్ళాను. ఎవడో మూడు రోజులుగా నీళ్ళు లేవని తిడుతున్నాడు. వాడి తిట్లు ఇవతల బల్ల దగ్గర నిలబడ్డ నాకే వినిపిస్తున్నాయి. నేనైతే ఫోన్లోంచి చెయ్యి పెట్టి చెంప పగలగొట్టేదాన్ని. వదిన అంతా విని, "మూడు రోజులు. మీ ఇంటికొక్కదానికేనా, వీధంతా అంతేనా? ఇంట్లో చంటిపిల్ల ఉందన్నారు, ఎన్నో నెల?" అంది. అన్ని తిట్ల మధ్య వాడు చంటిపిల్ల మాట ఎప్పుడన్నాడో నాకు తెలియనే లేదు. ఆ సాయంత్రం ట్యాంకరు మొదట ఆ ఇంటికే వెళ్ళింది.

అదీ ఆవిడ వినడం. ఎవరు ఏ తారీఖున, ఏ వేళకి, ఏం చెప్పారో కాగితం చూడకుండా చెబుతుంది. లైన్‌మన్లు "నాకెవరూ చెప్పలేదు మేడం" అని తప్పించుకోబోతే, "బుధవారం, పదకొండున్నరకి చెప్పాను. మీరు టీ తాగుతున్నారు" అంటుంది. దాంతో వాళ్ళ నోటికి తాళం పడుతుంది. ఇంట్లో మాత్రం ఆ జ్ఞాపకాన్ని ఎప్పుడూ బయటికి తీయలేదు.

ఇంట్లో కథ వేరు. ఒకసారి ముందు గదికి నీలం రంగు వేయిద్దామంది. అన్నయ్య ఊ అన్నాడు. ఏ నీలం, లేతదా ముదురుదా అంది. ఊ అన్నాడు. వారం తిరిగేసరికి రంగులవాడు నిచ్చెనతో దిగాడు. అన్నయ్య మోటార్ల మధ్య లేచి నిలబడి, "ఎవరయ్యా నిన్ను రమ్మంది?" అన్నాడు. వదినవైపు తిరిగి, "నాకు చెప్పొద్దూ?" అన్నాడు. వదిన నవ్వేసింది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ సంగతి నేను డిపోలో ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్విన నోటిని పట్టుకుని కొట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వంటింట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నేను కుడిపక్క వెనకనుంచి, "వదినా, ఆ కత్తిపీట ఎక్కడ పెట్టావు?" అన్నాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. నా గొంతు సంగతి డ్రైవర్లకి తెలుసు, ఇంజను చప్పుడులో కూడా వినిపించే గొంతు. ఆవిడ గిన్నె తోముతూనే ఉంది.

ముందు గదిలోంచి అన్నయ్య అందుకున్నాడు. "చూశావా? రెండు మూడు నెల్లుగా ఇదే వరస. పిలిస్తే పలకదు. పొగరెక్కింది. మనిషి చెప్పేది వినాలన్న ధ్యాసే లేదు."

ఎవరు ఎవర్ని అంటున్నారో చూడండి. నాకు ఒళ్ళు మండింది. ఐనా ముందు వదిన భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగింది.

"కుళాయి చప్పుడులో కుడివైపు నుంచి పిలిస్తే తెలియడం లేదమ్మాయ్. ఆ చెవి పనిచేయడం లేదు" అంది, కూర మాడిందని చెప్పినంత మామూలుగా.

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలలైంది. ఆఫీసులో హెడ్‌ఫోన్ ఎడమచెవికి మార్చుకున్నాను."

నేను ఆవిణ్ణి అక్కడే వదిలేసి ముందు గదిలోకి వెళ్ళాను. ఆ పూట అన్నయ్యని ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. ఫోన్లో వినడమే బతుకుతెరువైన మనిషికి చెవి పోతే మిగిలేదేమిటని అడిగాను. ఒకే కప్పు కింద ఉంటూ మూడు నెలలు అది గమనించని నువ్వూ ఆ మూలనున్న మోటారూ ఒకటేనన్నాను. అన్నయ్య మొహం పాలిపోయింది. నిజంగానే ఏమీ తెలియని మొహం అది. అదే నన్ను ఇంకా మండించింది.

"నాకు చెప్పలేదే" అన్నాడు. "చెబితే తీసుకెళ్ళనా?"

వదిన గుమ్మం దాకా వచ్చి ఆ మాట విని, చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దర్నీ చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టారు. అన్నయ్య గోడమీది బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం ఆగక వదినవైపు తిరిగి ఆవిడని కూడా దులిపేశాను.

"నీ బుద్ధేమైంది వదినా? ఊళ్ళో ఎక్కడ పైపు పగిలినా క్షణంలో మనిషిని పంపిస్తావు. నీ చెవికి నువ్వు రాలేకపోయావా? కాళ్ళు లేవా, బస్సులు లేవా?"

"రాలేక కాదు" అంది. "లోపల ఏం చెబుతారోనని భయమేసింది. పక్కన ఒక మనిషి ఉంటే బాగుండుననిపించింది. తర్వాత తర్వాత అదే తగ్గుతుందిలే అనుకున్నాను."

"నాకైనా చెప్పకపోయావా? ఉన్నపళంగా వచ్చేదాన్ని కాదూ?"

వదిన నా మొహంలోకి ఓసారి చూసింది. ఈలోగా లోపలికి పిలిచారు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి పరీక్ష చేశారు. చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. మేమిద్దరం అద్దానికి ఇవతల నిలబడ్డాం. ఎడమచెవి పరీక్షలో వదిన చెయ్యి లేస్తూనే ఉంది, బళ్ళో జవాబులన్నీ వచ్చిన పిల్లలాగా. తర్వాత కుడిచెవి అన్నారు. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. పరీక్ష చేసే పిల్ల మీటలు నొక్కుతూనే ఉంది. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు బిగించి, చప్పుడు దొరుకుతుందేమోనని వెతుకుతోంది. ఒకసారి సగం లేపి, కాదనుకుని దించేసింది. అన్నయ్య అద్దం మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. నాకు జాలి వేయలేదు.

డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. రిపోర్టు చూసి, "ఇది మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా పోయిందా?" అని అన్నయ్యని అడిగింది. "సాధారణంగా ఇంట్లోవాళ్ళే ముందు గుర్తుపడతారు. ఎప్పట్నుంచి? సరిగ్గా చెప్పండి, అది చాలా ముఖ్యం. ఇలా హఠాత్తుగా పోతే రెండు వారాల్లోపు మందు పడాలి. అప్పుడైతే తిరిగొచ్చే ఆశ బాగా ఉంటుంది."

"మాకు చెప్పలేదండీ" అన్నాడు అన్నయ్య. "చెప్పుంటే ఆ రోజే తీసుకొచ్చేవాణ్ణి."

అప్పుడు వదిన మాట్లాడింది. ఇంట్లో గొంతు కాదు. ఆఫీసు గొంతు, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా.

"జూన్ పదకొండు, మంగళవారం. పొద్దున లేచేసరికి కుడిచెవిలో హోరు, తర్వాత ఏమీ లేదు. మీరు పిండిమర మోటారు చుడుతున్నారు. చెవి వినపడటం లేదు, ఆస్పత్రికి వెళ్దాం, తోడు రండి అన్నాను. ఊ అన్నారు. బట్టలు మార్చుకుని పదింటిదాకా గుమ్మంలో కూర్చున్నాను. తర్వాత డ్యూటీకి వెళ్ళిపోయాను.

"పదమూడు, గురువారం, భోజనం దగ్గర. వినికిడి ఇంకా రాలేదండీ అన్నాను. ఊ అన్నారు.

"పదహారు, ఆదివారం. ఆ రోజు మోటారు లేదు, భోజనం లేదు. ఊరికే కూర్చున్నారు. పక్కన కూర్చుని నాకు భయంగా ఉందన్నాను. ఊ అన్నారు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. నేను అన్నయ్యవైపు తిరిగాను. లోపల కూడబెట్టినదంతా అక్కడే, ఆవిడ ముందే కక్కేద్దామని నోరు తెరిచాను. వదిన ఇంకా అయిపోలేదు.

"పద్ధెనిమిది, మంగళవారం. మధ్యాహ్నం రెండుంపావు. ఈ అమ్మాయికి ఫోన్ చేశాను. బస్సులో ఉంది. నా కుడిచెవి పోయిందే, నువ్వైనా రా అన్నాను. ఊ, ఊ అంటూ టిక్కెట్లిచ్చింది. తర్వాత చేస్తా వదినా అంది. చేయలేదు."

నాలుగోది చెప్పేటప్పుడు ఆవిడ నావైపు చూడలేదు. చూసుంటే నేను బతికిపోయేదాన్ని, ఎదురు ఏదో ఒకటి అనేదాన్ని. నాకు ఆ ఫోన్ గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. మా అన్నయ్యకి కనీసం లెక్కపెట్టుకునే చుట్లున్నాయి, నాకు అదీ లేదు. పద్ధెనిమిదో తారీఖంటే ఇంకా వారం రోజులు గడువుంది. ఆ ఒక్క మాట నా చెవినపడి ఉంటే, బస్సు అక్కడే ఆపి దిగి ఉంటే అని అప్పట్నుంచి రోజుకి పదిసార్లు అనుకుంటాను. అనుకున్నప్పుడల్లా ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. మూడు నెలలు దాటింది కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోవద్దంది. ఉన్న ఎడమచెవిని కాపాడుకోవాలి, దానికి హెడ్‌ఫోన్ తగిలించవద్దంది. అంటే ఫోన్ ఉద్యోగం అయిపోయినట్టే. ఇకమీదట ఆఫీసులో ఏదో బల్ల దగ్గర కాగితాలకు ముద్రలు వేస్తుందట. వదిన ఆ మాటలన్నీ శ్రద్ధగా విని, ఏ మాత్ర ఎన్నింటికో తిరిగి అప్పజెప్పి, థాంక్సండీ అని లేచింది.

బయటికొచ్చి బస్‌స్టాపుకి నడిచాం. అది పెద్ద రోడ్డు, ఫుట్‌పాత్ లేదు. నాకు క్షమాపణ అడగాలనుంది. నా నోటికి అది అలవాటులేని పని కాబట్టి ముందు వదినకి ఎడంపక్క చేరాను, ఆ చెవైతే వినపడుతుందని. అదే సమయానికి అన్నయ్య కూడా ఆ పక్కకే వచ్చాడు. మేమిద్దరం ఒకరి భుజం ఒకరు తగులుకుంటూ, నువ్వు జరుగంటే నువ్వు జరుగని మెల్లగా తోసుకుంటూ నడుస్తున్నాం. "ఏమండీ, అదీ..." అని అన్నయ్య, "వదినా, ఆ రోజు నేను..." అని నేను.

వదిన ఆగిపోయింది. ఆవిడకి కోపం రావడం నేను అంతవరకూ చూడలేదు. మొహం ఎర్రబడింది.

"ఇప్పుడు మీ మాటలు చెప్పుకోడానికి ఇద్దరూ ఇటే చేరారా?" అంది. "అటు వచ్చే బళ్ళు నాకు వినపడవు. ఎవరో ఒకరు నోరు మూసుకుని అటు నడవండి."

నేను వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్ళేసరికి అన్నయ్య అప్పటికే రోడ్డువైపు నిలబడి ఉన్నాడు. ఆ చోటు కూడా వాడికే దక్కిందని నాకు కోపం వచ్చింది.