పాటకి చివరి అర్థం చెప్పే మామ

మా మేనమామ గోవిందరాజులు గారు ఇక లేరు. గత నెల ఒక మధ్యాహ్నం ఆయన కన్నుమూసినప్పుడు మంచం పక్కన ఉన్నది నేనే. అయినా ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తే నిజమైపోతుందేమోనని భయంగా ఉంది.

ఆయన జీవితమంతా బడిలో భౌతికశాస్త్రం బోధించారు. కానీ టి. నగర్‌లో చీరల కొట్ల వెనకున్న ఆయన మేడగది ఎరిగినవారికి మామ పాటల మనిషి. ఆదివారం సాయంత్రం అక్కడ మా అందరికీ ఇంగ్లీషు రాక్ రికార్డో, మన జానపదమో ఒకటి వినిపించేవారు. పాట అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత ఒక్కొక్కరూ తమకు తోచిన అర్థం చెప్పాలి. అందరిలోకీ చిన్నవారు ముందు, పెద్దవారు చివర. “పెద్దోళ్ళు ముందు చెప్తే చిన్నోళ్ళ అర్థం గొంతులోనే నిలిచిపోతాది పాపా” అనేవారు. అందువల్ల చివరి మాట ఎప్పుడూ ఆయనదే.

ఒకసారి గిటార్లు గోడలదిరేలా మోగిన పాట విని మా తమ్ముడు, “ఇదేంది మామా, తాగుబోతు రచ్చ!” అని నవ్వాడు. మామ నవ్వలేదు. “ఇల్లడా, అది కాదు. చీకట్లో ఒంటిగా పొయ్యేవాడు గట్టిగా పాడతా పోతాడే, అదిరా ఇది. వాయిద్యం ఎంత పెద్దగా మోగితే వాడికంత భయం” అన్నారు. ఆ తర్వాత ఆ పాట వింటే నాకు ఆ చీకటి దారే కనబడేది.

భయం సంగతి ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మహాపిరికివారు మా మామ. లిఫ్టు ఎక్కరు. ఉరిమితే చెవులు మూసుకుంటారు. పాండీ బజార్లో రోడ్డు దాటాలంటే అంత పెద్దమనిషీ నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. “మామా, వేళ్ళు విరిగిపోతా ఉండాయి” అంటే, “విరగనీలే, నువ్వుండావు కదా” అనేవారు. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి తెలుస్తూనే ఉంది.

మా అమ్మమ్మ, అంటే ఆయన తల్లి, పాడిన జోలపాట ఒకటుంది. “దొంగ రాడు, పిడుగు పడదు, తెల్లారేదాకా నేనుంటా” అని సాగుతుంది. అందులో మాకందరికీ మాతృవాత్సల్యమే వినబడింది. ఆయనకు మరొకటి వినబడింది. “బిడ్డ ఎప్పుడో నిద్రపోయింది. ఆ తల్లి ఇంకా ఎందుకు పాడతా ఉండాది? ఆపితే ఆమెకి భయం.”

ఆసుపత్రిలో చివరిసారి ఆయన అడిగింది ఆ పాటే. “అమ్మ పాట పాడు పాపా. నాకు భయంగా ఉండాది.” చెయ్యి పట్టుకుని పాడాను. కాసేపటికి ఆ పట్టు సడలింది. నర్సు వచ్చి చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఆపలేదు. ఆపడానికి ధైర్యం చాలలేదు.

కర్మకాండలు ముగిశాక వచ్చిన ఆదివారం అదే గదిలో కూడాం. రికార్డు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. నా మనవరాలు యామిని ఆ జోలపాటే పాడింది. తెలుగు కంటే అరవమే దానికి బాగా వచ్చు కనుక రెండు చోట్ల తడబడింది. ఆనవాయితీ ప్రకారం ముందుగా యామినే అర్థం చెప్పింది. ఆపైన మిగతావాళ్ళు, మా తమ్ముడు. మామ గొంతు కోసమే అందరం ఎదురుచూస్తున్నామని అప్పుడు తెలిసింది.

“అమ్మమ్మా, నువ్వే చెప్పాల. ఈడ అందరికంటే పెద్ద నువ్వే కదా” అంది యామిని.

నా వెనక ఇన్నాళ్ళూ నిలబడిన ఆయన లేరు. ఇక వరసలో చివర ఉన్నది నేనే.

“తెల్లారేదాకా ఉంటానన్నది జరగని పని” అన్నాను ఎలాగో. “పాడేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. తెలిసే పాడతారు.”

మామా, నా అర్థం సరైనదో కాదో చెప్పడానికి నీ తర్వాత ఎవరున్నారు? నీకు శతకోటి నమస్కారాలు. ఆ సాయంత్రం బయటికొచ్చి బజారు రోడ్డు దాటుతుంటే, “అమ్మమ్మా, వేళ్ళు నొప్పి పుడతా ఉండాయి” అంది యామిని.