పెట్టో పుంజో చెప్పే బాలమణమ్మ

నిన్న కోకాపేటలో మా ఆఫీసు గేటు బయట ఒకతను అట్టపెట్టెలో కోడిపిల్లలు పెట్టుకుని అమ్ముతున్నాడు. ఆ కిచకిచలు, తడిసిన ఊక వాసన తగలగానే నా అడుగు ఆగిపోయింది. బాలమణమ్మ పోయి పదేళ్లు దాటింది. ఆమె పక్కన కూర్చుని పనిచేసిన రోజులు మాత్రం నన్ను వదల్లేదు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లను ఫొటో తీస్తే, అది ఏ జాతిదో, పెట్టో పుంజో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. దానికి ముందుగా సరైన జవాబు చెప్పే మనిషి కావాలి. గుడ్లు పొదిగించే హేచరీలో ఇరవై ఏళ్లు కోడిపిల్లలను ఏరిన బాలమణమ్మను అందుకే పిలిపించారు. బోరబండ నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చేది. కాళ్ల రంగు, మెడ మీది నూగు చూసి జాతి చెప్పేసేది. ఆ తర్వాత పిల్లను ఎడమ అరచేతిలో వెల్లకిలా పట్టి, తోక కింద బొటనవేలితో మెల్లగా తెరిచి, లైటు కింద చూసేది. అక్కడ ఆవగింజలో సగమంత బుడిపె ఉంటే పుంజు. నాకు నెల రోజులు ఏమీ కనబడలేదు. ఒకసారి ఊహించి "పుంజు" అన్నాను.

"కనబడ్డదా? ఊకెనే అంటున్నవా?"

ఊరికే అన్నానని ఒప్పుకున్నాను.

"గట్ల అనకు బిడ్డా. హేచరీల పుంజు అన్నమంటే ఇగ దాని పానం పోయినట్టే. గుడ్లు పెట్టదని పారేస్తరు. తెల్వకపోతే తెల్వదని చెప్పు, సిగ్గేంది?" అని తన చేతుల వైపు చూసుకుంది. "ఎన్నిటిని పంపిన్నో గీ చేతులతోని."

ఒకరోజు నా ఊరు అడిగింది. కడప అని జంకుతూనే చెప్పాను. ఆమె నవ్వి, "మా రాష్ట్రం మాకు గావాలె. నీతోని నాకేం పంచాయితీ?" అంది.

కావలసినన్ని ఫొటోలు పూర్తయ్యాక, ఆమెను ఇక రావద్దని చెప్పే పని మా మేనేజర్ నాకు అప్పగించాడు. సాయంత్రం స్టేషన్ దాకా వెంట నడిచాను. నోరు రాలేదు. "కొన్నాళ్లు పని లేదమ్మా. ఉన్నప్పుడు నేనే ఫోన్ చేస్తా" అన్నాను. ఆ తర్వాత ఆమె చాలాసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

ఒక బంద్ రోజున రైళ్లు, బస్సులు ఆగిపోయాయి. మధ్యాహ్నం సెక్యూరిటీ అతను నన్ను కిందికి పిలిచాడు. బాలమణమ్మ గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది. బోరబండ నుంచి నడిచి వచ్చింది. పాదాలు వాచాయి.

"ఫోన్ ఎత్తుతలేవు. గడబిడ దినాలు. కడప పిల్లవని ఎవలన్న ఏమన్న అన్నరేమోనని పరేషాన్ అయిన" అంది.

అప్పటిదాకా పని కోసం వచ్చిందనుకున్నాను నేను. అక్కడే ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"గీ మాట ఆ దినమే చెప్పేదుండె గద బిడ్డా" అంది ఆమె. మంచినీళ్లు తాగి లేచింది. తోడు వస్తానంటే ఒప్పుకోలేదు. "బంద్‌ల నువ్వు తిరగకు" అని ఒక్కతే వెళ్లిపోయింది.

మొహం చెల్లక మూడు నెలలు ఆగి బోరబండ వెళ్లాను. తలుపు తీసిన ఆమె కోడలు, అత్త జ్వరంతో పోయి పదిహేను రోజులైందని చెప్పింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఎవరికైనా కష్టమైన కబురు చెప్పాల్సి వస్తే ఆ రోజే, ఎదురుగా కూర్చుని చెబుతాను. ఆమె ఒక్కదానికే అలా చెప్పలేకపోయాను.