క్రీట్ తీరాన నేను నీళ్ల మీద తేలిన వేసవి

మొన్న శనివారం పిస్కాటవే లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మకానికి పెట్టారని తెలిసి వెళితే, ఒక అట్టపెట్టె అడుగున ఈత నేర్పే పుస్తకం ఒకటి కనిపించి, పాతికేళ్ల పైమాటైన ఒక వేసవిని నా కళ్ల ముందుకు తెచ్చింది.

నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. ఆ తర్వాత తెలుసుకున్నదంతా ఈ దేశపు లైబ్రరీల చలవే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. అందుకే, మా అమ్మాయిని ఎనిమిదేళ్లప్పుడు న్యూజెర్సీ తీరంలో ఒక అల బోర్లా పడేస్తే, ఆ భయంతో అది ఈత క్లాసులో కూడా దిగనని మొండికేసినప్పుడు, నేను తిన్నగా లైబ్రరీకి వెళ్లి, పిల్లల్ని పడెయ్యని సముద్రం ఎక్కడుందా అని వెతికాను. మధ్యధరా సముద్రం మహాసముద్రంతో కలిసే దారి ఇరుకని, అందువల్ల ఆటుపోట్లు తక్కువని, ఉప్పెక్కువ కాబట్టి మనిషి సులువుగా తేలతాడని చదివాను. ఆ సముద్రంలోనే ఉన్న క్రీట్ దీవిలో చాలా దూరం మోకాటి లోతే ఉండే తీరం ఒకటి ఎంచుకుని, ఆ ఏడు ఇండియా ప్రయాణం మానిపించి మరీ మావారిని ఒప్పించాను.

అమ్మాయి మాత్రం షరతు పెట్టింది. "నువ్వు ఫస్ట్ వెళ్లు అమ్మా. నువ్వు ఫ్లోట్ అయితే నేను వస్తా."

నేనేమో మోకాళ్ల దాకా దిగి, తలమీద నాలుగు చుక్కలు చల్లుకుని వచ్చేయడమే సముద్రస్నానం అనుకుంటూ పెరిగినదాన్ని. ఈత పుస్తకం తెచ్చుకుని రెండు నెలలు హాల్లో కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని సాధన చేశాను. "లైబ్రరీ కార్డు చూపిస్తే సముద్రం ముంచదా ఏంటి?" అని మావారు ఆటపట్టించేవారు.

అప్పుడు మా దగ్గరే ఉన్న అత్తగారూ మాతో వచ్చారు. ఆవిడది బందరు వైపు; సముద్రానికి దండం పెడతారు గానీ దాన్ని నమ్మరు. ఆ తీరాన నీలం గొడుగులు, బక్కెట్లతో పసిపిల్లలు, పళ్లెంలో పోసినట్టు కదలని నీళ్లు చూశాక కూడా ఆవిడ మెత్తబడలేదు. "సముద్రానికి వీపు చూపించకే తల్లీ, దానికి మొహమాటం లేదు" అన్నారు. నేను చేయబోయేదేమో దాని మీద వీపు ఆన్చి పడుకోవడం!

రేపు మాపంటూ రోజులు గడిపి, చివరికి ఒకరోజు మర్యాదగా ఉంటుందని వదులు పంజాబీ డ్రెస్సుతో దిగాను. నడుములోతులో పడుకోగానే సల్వారు కాళ్లు రెండూ గోనెసంచుల్లా నీళ్లతో నిండి కిందికి లాగాయి, చున్నీ మెడకు చుట్టుకుంది, రెండు గుక్కల ఉప్పునీళ్లు మింగి లేచాను. పుస్తకంలో సల్వారు గురించి ఒక్క ముక్కా లేదు. ఒడ్డున అమ్మాయి టవల్ తలమీదికి లాక్కుని, "సీ? అమ్మ కూడా ఫాల్ అయింది" అంది. మాకు మిగిలింది ఒక్కరోజు. ఇక్కడ ఓడిపోతే అది జన్మలో నీళ్ల జోలికి వెళ్లదని నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే దుకాణంలో మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కునే ఈత బట్టలు కొన్నాను. వాటితో అత్తగారి ముందు నిలబడటం సముద్రంలో దిగడం కంటే కష్టమనిపించింది. ఆవిడ ఎగాదిగా చూసి, ఏమంటారోనని నేను బిక్కచచ్చి ఉండగా, నా జడను ముడిగా బిగించి, "నువ్వు వీపు తిప్పుకో. నేను దాని కళ్లలోకి చూస్తూ ఉంటాలే" అని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మోకాలి లోతు నీళ్లలో కాపలా నిలబడ్డారు.

చెవులు మునిగాయి. తీరం గోలంతా ఆగిపోయింది. మెడ వదిలేశాను, కాళ్లు వాటంతటవే లేచాయి. ఎంతసేపు అలా ఉన్నానో గానీ, కళ్లు తెరిచేసరికి మా అమ్మాయి పక్కనే నడుములోతులో పళ్లు బిగించుకుని నిలబడి ఉంది. "జరుగు అమ్మా, నాకు ప్లేస్ కావాలి" అంది.

ఇప్పుడది సరస్సుల్లో అవతలి ఒడ్డు దాకా ఈది వస్తుంది, దాని పిల్లలైతే భయమన్న మాటే తెలియకుండా దూకేస్తారు. నేను పట్టుబట్టి సాధించుకున్నది అదే. అయినా ఒడ్డున కుర్చీలో కూర్చుని చూస్తుంటే, దూకబోయే ముందు వాళ్లెవరూ నా వంక తిరిగి చూడరు. ముందు నువ్వు దిగు అని అడిగేవాళ్లు లేక, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఈమధ్య ఎవరైనా చెబితే తప్ప నాకు తెలియడం లేదు.