సముద్రపు పువ్వు నన్ను కుట్టలేదు

మొన్న గుమ్మంలో వేసిన కొత్త పీచుపట్టా వానకి తడిసి, నానిన కొబ్బరి డొక్కల వాసన ఇల్లంతా కమ్మేసరికి, రాజోలు దగ్గర మా పెరడూ, సెలవు రోజుల్లో అమ్మ పక్కన కూర్చుని అరచేతులు ఎర్రబడేదాకా నేను పేనిన పీచుతాళ్ళూ, నీడలో మంచమ్మీద మామిడితాండ్ర చప్పరిస్తూ పడుకున్న మా చెల్లి జెస్సీ, అన్నీ గుర్తుకొచ్చాయి. చేతులు పాడవుతాయని దానికి పని చెప్పేవారు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈస్టరు మర్నాడు గారెలూ కోడికూరా కేరేజీల్లో సర్దుకుని, ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని అంతర్వేది సముద్రానికి వెళ్ళేవాళ్ళం. ఓ ఏడాది, సముద్రం వెనక్కి తగ్గాక ఇసుకలో మిగిలిన గుంటలో, బురదలోంచి తల మాత్రం పైకి పెట్టి రేకులు విప్పుకున్న సముద్రపు పువ్వు కనిపించింది. పువ్వంటారు గానీ అది జంతువు. ఆ రేకులు తిండిని పట్టి మధ్యనున్న నోట్లోకి తోసే వేళ్ళు. పక్కనున్న గవ్వ కోసం జెస్సీ చెయ్యి పెట్టింది. మణికట్టు లోపలివైపు ఆ పువ్వుకి తగిలి కెవ్వుమంది.

ఎర్రటి చారలు తేలాయి. అమ్మ కంగారుగా కొంగుతో రుద్దితే మంట ఇంకా ఎక్కువైంది.

"రుద్దకండి వదినగారూ, సముద్రం నీళ్ళే పొయ్యండి," అంది మా మేనత్త. చర్మానికి అంటుకుని ఇంకా పేలకుండా ఉన్న విషపు కణాలు రుద్దితే పేలిపోతాయి.

నీళ్ళు పోసి, జెస్సీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెయ్యి ఊదుతూ అమ్మ ప్రార్థన చేసింది. "తగ్గిపోద్ది, ఊరుకో. నా బంగారం కదూ!" నన్నెప్పుడూ బంగారం అనలేదు. ఆ ఒళ్ళో ఉండాల్సింది నేనే అనిపించింది.

గుంట దగ్గరికి వెళ్ళి అరచేతిని ఆ రేకుల్లో పెట్టి నొక్కాను. కాస్త జిగురుగా అంటుకుంది, అంతే. అది ముడుచుకుని బురదలోకి దిగిపోయింది. నాకు మంటా లేదు, చారా లేదు.

"అమ్మా, నన్ను కూడా కుట్టింది," అన్నాను.

నా చెయ్యి తిప్పి చూసి, "ఏదే? ఏం లేదుగా. ఆ కేరేజీ ఇలా పట్రా," అంది.

తరవాత జీవశాస్త్రం చదివినప్పుడు తెలిసింది. ఒక్కో కణంలో చుట్ట చుట్టుకుని విషపు దారం ఉంటుందట, తాకగానే దూసుకొచ్చి పలచటి చర్మంలో దిగుతుందట, మందపాటి చర్మంలో చాలావరకు దిగలేదట. పీచు పేని గట్టిపడ్డ చేతులే నన్ను కాపాడాయన్నమాట. సంతోషించాల్సింది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ ఒడ్డు కోసుకుపోయింది, గుంటలూ లేవు. పెరట్లో పీచు పేనేవాళ్ళు లేరు, అమ్మ లేదు. మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా జెస్సీ, "అక్కా, ఆ రోజు అమ్మ ఎంతసేపు ఊదిందో గుర్తుందా?" అంటుంది. ఉందే అంటాను. అమ్మ పోయినా ఆ కాసేపు దాని దగ్గరే ఉండిపోయింది. నాకూ కొంచెం పెట్టమని అడగడానికి అది మామిడితాండ్ర కాదు.