పగటి బస్సుకే రమ్మనండి

పొద్దున పుట్టింటికి వచ్చేసిన పక్కింటి అమ్మాయి ఫోన్ పట్టుకొని వచ్చి, కోర్టు నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చిందమ్మా, చదివిపెట్టమంది. కొట్టి ఇంట్లోంచి తరిమిన మొగుడి మీద కేసు. వాయిదా ఏ రోజో చెప్పాను. తెలిశాక కూడా లేవకుండా, ఆ రోజు అతనూ వస్తాడా అని అడిగింది. దానికి మెసేజ్‌లో జవాబు లేదు. ఆమె ముఖం చూస్తుంటే, ఎన్నో ఏళ్ళ కిందట బోధన్ దగ్గరి ఒక పల్లె బస్టాపులో నిలబడ్డ మరో ఆడమనిషి గుర్తొచ్చింది.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ప్రొబేషన్ ఆఫీసర్‌ని. జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళు మళ్ళీ దారి తప్పకుండా చూడడం నా పని. మన కాలపు ఆఫీసుల సంగతి మీకు చెప్పాలా, ఎవరి కుర్చీ వారికి సింహాసనం. పట్టుకుంటే పోలీసుల పని తీరేది, శిక్ష వేస్తే కోర్టు పని తీరేది, గడువు కాగానే గేటు తీస్తే జైలు పనీ తీరేది. ఆ మనిషి పోయి దిగే ఊళ్ళో ఎవరి గుండె జారుతుందో ఎవరికీ పట్టేది కాదు.

కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, చెరుకు కొట్టే కత్తితో సొంత అన్న చెయ్యి నరికిన ఒకతని శిక్ష ఆ యేడు పూర్తి కావచ్చింది. ఆ అన్న భార్య సాయంత్రమైతే బస్టాపుకి వచ్చి, దిగేవాళ్ళందరినీ చూసుకొని గానీ ఇంటికి పోవడం లేదని, ఆ కేసు వాదించిన ప్రభుత్వ వకీలమ్మ నాతో చెప్పింది. ఇద్దరం వెళ్ళి కలిస్తే ఆవిడ శాపనార్థాలేమీ పెట్టలేదు.

“ఆయన రావొద్దని నేనంటలేను మేడం, గిది ఆయన పుట్టిన ఊరు. ఎన్నడొస్తడో ముందుగాల చెప్పుండ్రి. పగటి బస్సుకే రమ్మనుండ్రి.”

ఇంత చిన్న కోరిక తీర్చడానికి జైలరు గారిని, ఆ ఊరి ఎస్సై గారిని, వకీలమ్మను ఒక గదిలో కూర్చోబెట్టేసరికి నా తాతలు దిగివచ్చారు. మొదట ఎవరి రూలు వారు చదివారు. అల్లం దండిగా వేసిన జైలు చాయ్ రెండోసారి వచ్చేసరికి గొంతులు మెత్తబడ్డాయి. విడుదల సంగతి జైలరు గారు ముందే చెప్పేటట్టు, ఎస్సై గారు స్వయంగా ఆ ఇంటికి పోయి తెలిపేటట్టు, నేను అతని వెంట బస్సెక్కేటట్టు ఒప్పుకొని లేచాం.

బస్సులో అతను సంచీ ఒళ్ళో పెట్టుకొని తలుపు దగ్గరి సీట్లోనే కూర్చున్నాడు. వదిన ముఖం చూడలేనని, బోధన్‌లోనే దిగి ఎటైనా పోతానని బతిమాలాడు. నేను దిగనివ్వలేదు గానీ, ఏమవుతుందోనని నా ప్రాణమూ గుప్పిట్లోనే ఉంది. ఊళ్ళో దిగేసరికి ఎస్సై గారు కాస్త ఎడంగా నిలబడి ఉన్నారు. ఆవిడ ముందుకొచ్చి మరిదిని ఎగాదిగా చూసింది.

“మా పొలం దిక్కు రాకు. అవ్వ తాన్కి పో, నీ కోసం బువ్వ తినకుంట కూసున్నది.”

తల్లి మాట వినగానే అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. ఎస్సై గారు అటు తిరిగి నిలబడ్డారు, నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ ఆ మర్నాటి నుంచి బస్టాపుకి రావడం మానేసిందని తర్వాత తెలిసింది. మా నలుగురికీ అదే అలవాటై, ఎన్నో ఊళ్ళకు అలా ముందుగా పోయి చెప్పివచ్చాం.

జైలరు గారూ, వకీలమ్మా ఇప్పుడు లేరు. కబురు ఇవాళ ఎవరూ బస్సెక్కకుండానే ఇంటికి వస్తోంది, మంచిదే, కాదనను. కానీ కబురు తెచ్చిన మనిషి కాసేపు కూర్చొని, అడిగినదానికి జవాబు చెప్పి వెళ్ళే రోజులు పోయాయని మాత్రం మనసు కలుక్కుమంటుంది. పక్కింటి అమ్మాయితో, వాయిదా నాడు నేనూ నీ వెంట వస్తాలే అన్నాను. అప్పుడు గానీ ఆమె లేవలేదు.