అవ్వ జాడీ దింపిన చోటు

నా చిన్నప్పుడు, గిద్దలూరు పక్క మా ఊళ్లు కర్నూలును వదిలి కొత్త ప్రకాశం జిల్లాలో చేరిన కొత్తల్లో, మా చర్చికి ఈస్టర్ ద్రాక్షారసం మా అవ్వే చేసేది. అవ్వంటే మా నాయన వాళ్లమ్మ. నల్లద్రాక్ష పిసికి, చక్కెర కలిపి, జాడీ మూతికి గుడ్డ కట్టి పొయ్యి మూల పెట్టేది. వెచ్చగా ఉంటేనే రసం మాగుతుందని వాళ్ల అత్త చెప్పిన మాట. ఆ మూలలో ఇంకెవరైనా ఏదైనా పెట్టారో, అవ్వ చీపురు తిరగేసేది!

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు అంతకు ముందే పోయి, ఎండలు మండిపోయాయి. మాగాల్సిన రోజుల్లో సగం గడిచాక రుచి చూద్దామని అవ్వ గుడ్డ విప్పింది. గుప్పున పులుపు వాసన. రసమంతా చెడిపోయింది.

"అయ్యో దేవుడా, ప్రభువు బల్లకు ఏం పంపేది?" అని నేల మీద చతికిలబడింది. ఈస్టర్ నాడు ఊళ్లో మావాళ్లందరూ చర్చిలో చేతులు మారే ఆ రసం గిన్నె కోసం కాచుకుని ఉంటారు. అవ్వ ఏడవడం చూసి నాకూ ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు విని ఎదురు దుకాణం శెట్టి తాత వచ్చాడు. ఆయన పూజలు ఆయనవి, మా ప్రార్థనలు మావి.

"దీనికింత ఏడుస్తారా అక్కా? రేపు సరుకుకు మార్కాపురం పోతాండా గదా, ద్రాక్ష నేను తెస్తాలే" అన్నాడు. అన్నట్టే బుట్టెడు తెచ్చాడు. బస్సులో నలక్కుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఎంత మంచి మనిషో!

జాడీ మళ్లీ నిండింది. అవ్వ దాన్ని ఎత్తుకుని పొయ్యి మూల దాకా వెళ్లి ఆగిపోయింది. నా వైపు తిరిగి, "ఒమ్మే, కండ్లు మూసుకోని ఇల్లంతా తిరుగు. యాడ కాళ్లకు సల్లగా తగిలితే ఆడ నిలబడు" అంది. నాకు అదొక ఆట. గుమ్మానికి గుద్దుకుని, నవ్వుకుంటూ వెళ్లి నీళ్ల కుండల పక్క తడి ఇసుకలో ఆగాను. అవ్వ జాడీని అక్కడే దింపింది.

"జేజి చెప్పిన చోటు ఇడిస్తే ఎట్లమ్మా?" అన్నాడు నాయన, వాళ్ల నాయనమ్మను తలచుకుని.

"మా అత్త రసం చెయ్యమనింది రా. ఆ మూలను పట్టుకోని ఏలాడమనలా."

ఈస్టర్ నాడు గిన్నె అందరికీ తిరిగేదాకా అవ్వ తలెత్తలేదు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. అప్పుడు నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఇప్పుడు ఆ పని నాది. ఎండలు ఇంకా ముందే వస్తున్నాయి. ఫ్రాన్సులోనూ వేడికి ద్రాక్ష తొందరగా పండిపోతోందట, తాతలనాటి కోత రోజుల్ని ముందుకు జరుపుకుంటున్నారట, మా మనవరాలు ఫోన్‌లో చదివి చెప్పింది. మా అవ్వలాంటి అవ్వ వాళ్లకూ ఎవరో ఉన్నట్టుంది.

జాడీ నింపిన రోజున ఈనాటికీ చెప్పులు విడిచి ఇల్లంతా తిరుగుతాను. ఈ ఏడు నీళ్ల కుండల దగ్గర కూడా నేల వెచ్చగానే తగిలింది. "అవ్వా, నీ మాట తప్పలేదులే" అని మనసులో దండం పెట్టుకుని, రసం కాస్త మాగగానే జాడీని ఫ్రిజ్‌లో పెట్టాను.